స్టైపెండ్ గడిలో సున్నా

డిగ్రీ విద్యార్థుల పరిశోధనలకీ సృజనాత్మక ప్రాజెక్టులకీ యూనివర్సిటీ ఇచ్చే డబ్బు ఎవరికి ఇవ్వాలో తేల్చే కమిటీలో ఈసారి నేనూ కూర్చున్నాను. 34 ప్రపోజల్స్ వచ్చాయి. ఒక్కోదానికీ ఒక విద్యార్థి, ఒక గైడ్, చివర్లో ఒక బడ్జెట్ పట్టిక. పదోది చదువుతూ ఆగిపోయి, మళ్ళీ మొదటి నుంచి ఆ పట్టికలు మాత్రమే తిరగేశాను. రసాయనాలకు లెక్క ఉంది. కెమెరా అద్దెకు ఉంది. ప్రయాణం, ప్రింటింగ్, హార్డ్ డిస్క్, అన్నిటికీ ఉంది. అన్నిటికంటే కింద "విద్యార్థి స్టైపెండ్" అని ఒక గడి. 34 మందిలో 26 మంది అక్కడ సున్నా వేశారు.

ఒక అమ్మాయి ఫారంలో ఆ గడి నల్లగా అలికేసినట్టుంది. మొదట ఏదో అంకె వేసి కొట్టేసింది. దానికంటే చిన్న అంకె వేసి అదీ కొట్టేసింది. ఇక చోటు లేక పక్కన మార్జిన్‌లో సున్నా చుట్టింది. ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు అడిగాను, ఎందుకమ్మా కొట్టేశావని.

"అడిగితే సెలెక్ట్ చెయ్యరని సీనియర్లు చెప్పారు మేడమ్."

అలాంటిదేం లేదని చెప్పబోయి ఆగిపోయాను. ఆ అమ్మాయి లోపలికి రావడానికి గంట ముందే మా కమిటీలో ఒకాయన ఇంకో ఫారం ఎత్తి చూపిస్తూ, "ఈ అబ్బాయికి నిజమైన ఆసక్తి ఉంది, తనకంటూ ఏమీ అడగలేదు చూడండి" అన్నారు. ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు.

అప్పట్నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు. అడగలేదంటే ఆసక్తి ఉన్నట్టా, అవసరం లేనట్టా? అవసరం ఉండి కూడా భయపడినట్టా? ఫారం చూసి ఆ తేడా ఎవరూ చెప్పలేరు. అయినా మేం చెప్పేస్తున్నాం. అందుకే నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను. డిగ్రీ స్థాయి ప్రాజెక్టులకు ఒక యూనివర్సిటీ దగ్గర ఎంత డబ్బున్నా సరే, అందులో మొదటి వాటా విద్యార్థి సమయానికి వెళ్ళాలి. పరికరాలు, ప్రయాణాలు, పోస్టర్లు దాని తర్వాత.

## సీసాలు కడగడానికి వచ్చిన కుర్రాడు

జన్యుశాస్త్రవేత్త థామస్ హంట్ మోర్గన్ అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో 24 ఏళ్ళు పనిచేశాడు. జువాలజీలో అడుగుపెట్టే కొత్త విద్యార్థులకి తొలి పాఠాలు ఆయన చెప్పింది మాత్రం ఒకే ఒక్కసారి, 1909లో. ఆ క్లాసులో ఆల్‌ఫ్రెడ్ స్టర్టెవాంట్, కాల్విన్ బ్రిడ్జెస్ అనే ఇద్దరు కుర్రాళ్ళు కూర్చున్నారు. బ్రిడ్జెస్ చిన్నప్పుడే తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్నాడు. చదువుకోవాలంటే ఏదో ఒక పని చేసుకోవాలి. మోర్గన్ ల్యాబ్‌లో పండ్ల ఈగల్ని పెంచే సీసాలు కడిగే పని దొరికింది. ఒకరోజు కడగాల్సిన సీసాలో ఈగ ఒకటి, కళ్ళ ఎరుపు మిగతావాటిలా లేదు. మందపాటి గాజులోంచే బ్రిడ్జెస్ ఆ తేడా పట్టేశాడు. మోర్గన్ అతన్ని సీసాల దగ్గర్నుంచి లేపి ఈగల దగ్గర కూర్చోబెట్టాడు.

స్టర్టెవాంట్ సంగతి ఇంకోలా ఉంటుంది. 1911లో మోర్గన్‌తో మాట్లాడుతుండగా అతనికి ఒక ఊహ తట్టింది. కొన్ని జన్యువులు ఎక్కువగా కలిసే వస్తాయి, కొన్ని తరచూ విడిపోతాయి. ఆ లెక్కను బట్టి క్రోమోజోమ్ మీద అవి ఏ వరసలో, ఎంత దూరంలో ఉన్నాయో చెప్పొచ్చు కదా? ఆ లెక్కలన్నీ ఇంటికి పట్టుకెళ్ళి, కాలేజీ హోంవర్క్ పక్కన పెట్టేసి, రాత్రి చాలాసేపు మేలుకుని ప్రపంచంలో మొట్టమొదటి జన్యు పటం గీశాడు. అది 1913లో అచ్చయింది. గీసిన నాటికి అతనింకా డిగ్రీ విద్యార్థే.

ఈ కథ జీవశాస్త్రం చదివినవాళ్ళకి తెలిసిందే. సాధారణంగా దీన్ని గొప్ప గురువు, తెలివైన శిష్యులు అన్నట్టు చెబుతారు. నాకు మాత్రం ప్రతిసారీ ఆ సీసాలు కడిగినందుకు ఇచ్చిన జీతమే కనిపిస్తుంది. బ్రిడ్జెస్ ఆ గదిలోకి విజ్ఞానశాస్త్రం మీద ప్రేమతో దరఖాస్తు పెట్టుకుని రాలేదు, పని కోసం వచ్చాడు. ఊరికే వచ్చి నేర్చుకుంటే నేర్చుకో, జీతం మాత్రం ఉండదు అని ఉంటే ఇంకెక్కడో ఇంకేదో పని చూసుకునేవాడు. ఆ సీసాలోని ఈగని ఎవరూ చూడకుండానే కడిగి పారేసేవారు. డబ్బు కోసం వచ్చినవాడికి ఆసక్తి ఉండదనే మాట ఎవరి నోట విన్నా నాకు అతనే గుర్తొస్తాడు.

ఈ సంగతి అర్థం చేసుకుని పథకం వేసినవాళ్ళు లేకపోలేదు. కాలేజీలో అడుగుపెట్టిన రోజు నుంచే విద్యార్థికి సొంత పరిశోధన ఉండాలని పోలరాయిడ్ కెమెరా కంపెనీ స్థాపించిన ఎడ్విన్ ల్యాండ్ 1957లో ఎమ్‌ఐటీలో ఒక ఉపన్యాసంలో వాదించాడు. 12 ఏళ్ళ తర్వాత, 1969లో, అక్కడే మార్గరెట్ మక్‌వికర్ డిగ్రీ విద్యార్థులకి పరిశోధన అవకాశాలిచ్చే యూరాప్ (UROP) అనే కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్ళు కూడా లేవు. అందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ప్రాజెక్టు చేసే విద్యార్థి క్రెడిట్ అయినా తీసుకోవచ్చు, జీతమైనా తీసుకోవచ్చు. జీతం తీసుకున్నంత మాత్రాన ఆసక్తి తక్కువని అక్కడ ఎవరూ అనుకోరు.

## నెయిల్ పాలిష్, సెల్లోటేపు, పది వారాలు

నా దగ్గర ప్రాజెక్టు చేసిన ఒక అమ్మాయి గురించి చెప్పాలి. వాహనాలు బాగా తిరిగే రోడ్డు పక్కనున్న చెట్ల ఆకుల్లో పత్రరంధ్రాలు, అంటే ఆకు గాలి పీల్చి వదిలే సన్నటి రంధ్రాలు, తక్కువగా ఉంటాయా అన్నది తన ప్రశ్న. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఆకు అడుగువైపు రంగులేని నెయిల్ పాలిష్ పల్చగా పూసి ఆరనివ్వాలి. దాని మీద సెల్లోటేపు అతికించి మెల్లగా లాగితే, ఆకు చర్మం అచ్చు ఒక పొరలా ఊడొస్తుంది. దాన్ని స్లైడ్ మీద అతికించి మైక్రోస్కోప్ కింద పెడితే చిన్న చిన్న పెదవుల్లాంటి రంధ్రాలు కనిపిస్తాయి. ఇక లెక్కపెట్టడమే. ఒక స్లైడులో ఐదు చోట్ల, ఒక ఆకుకి మూడు స్లైడులు, ఒక చెట్టుకి పది ఆకులు. కళ్ళు నొప్పెడతాయి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క పోతుంది, మళ్ళీ మొదటి నుంచి.

ఏడు వారాలు లెక్కపెట్టాక ఫలితం తేలింది, అదీ మేం అనుకున్నదానికి పూర్తిగా రివర్సులో. రోడ్డు పక్క ఆకుల్లోనే రంధ్రాలు ఎక్కువ! ఆ అమ్మాయి గ్రాఫు పట్టుకుని దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. నాకూ సంతోషంగానే అనిపించింది. తర్వాత, ఎందుకడిగానో తెలియదు, "ఆకులు ఏ కొమ్మ నుంచి కోశావు?" అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. రోడ్డు పక్క చెట్లు కొమ్మలు నరికేసి ఎండలో బోసిగా ఉన్నాయి. రెండో చోట చెట్లు గుబురుగా ఉన్నాయి, చేతికందిన కింది కొమ్మల నుంచి, అంటే నీడలోంచి కోసింది. ఎండలో పెరిగిన ఆకుల్లో నీడలో పెరిగిన వాటికంటే పత్రరంధ్రాలు దట్టంగా ఉంటాయి. ఏడు వారాలు తను కొలిచింది ఎండనీ నీడనీ తప్ప, రోడ్డునీ పొగనీ కాదు.

గైడ్‌గా నేను మొదటి వారంలోనే అడగాల్సిన ప్రశ్న అది. ఆ తప్పు నాదే. కానీ తర్వాత జరిగింది చూడండి. "ఇంకా మూడు వారాలుంది కదా మేడమ్, మళ్ళీ కోస్తాను" అంది. పొడవాటి కర్ర సంపాదించి, రెండు చోట్లా ఎండ తగిలే కొమ్మలు, ఒకే ఎత్తు, ఒకే దిక్కు చూసుకుని మళ్ళీ కోసి, మళ్ళీ లెక్కపెట్టింది. తేడా దాదాపు మాయమైపోయింది. తుది రిపోర్టులో "ముఖ్య ఫలితాలు" అన్న చోట మొదటి వాక్యం ఇలా రాసింది: "మొదటి 7 వారాల లెక్క చెల్లదు, ఎందుకంటే..." ఫలితం స్పష్టంగా లేదని ఆఫీసు వాళ్ళు ఆ రిపోర్టు ఒకసారి తిప్పి పంపారు. అంత స్పష్టమైన రిపోర్టు నేను అంతకుముందు చూడలేదు.

చివరి రోజు స్లైడులు పెట్టెలో సర్దుతూ ఆ అమ్మాయి అన్న మాట ఇది: "పోయిన వేసవి రోజంతా ట్యూషన్లు చెప్పాను మేడమ్. ఈసారీ చెబుతూ ఉండుంటే మళ్ళీ కోసేదాన్ని కాదు. ఉన్న లెక్కే రాసిచ్చేసేదాన్ని."

నా వాదన మొత్తం ఈ మాటలోనే ఉంది. ఆ ప్రాజెక్టు సామాన్ల ఖర్చు ఒక నెయిల్ పాలిష్ సీసా, నాలుగు సెల్లోటేపులు. మిగతా డబ్బంతా స్టైపెండ్. ఆ స్టైపెండ్ పుణ్యమా అని, తన లెక్క తప్పని తెలిసినప్పుడు మళ్ళీ మొదలుపెట్టే తీరిక తనకు దొరికింది. పరిశోధనలో నిజాయితీ గురించి మనం క్లాసుల్లో గంటలు గంటలు చెబుతాం. నిజాయితీగా ఉండాలంటే సమయం ఉండాలని, ఆ సమయం కొందరికి కొనిస్తే తప్ప దొరకదని మాత్రం చెప్పం.

## ఇంత డబ్బు కొద్దిమందికేనా?

ఇక నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే వాదనల దగ్గరికి వస్తాను. డబ్బిస్తే డబ్బు కోసమే వస్తారన్నది వాటిలో లేదు. దానికి బ్రిడ్జెస్ చాలు.

మొదటిది: స్టైపెండ్ ఇస్తే ఉన్న డబ్బు తక్కువమందికే సరిపోతుంది. 10 మందికి స్టైపెండ్ ఇచ్చే బదులు 60 మందికి సామాన్లు కొనివ్వొచ్చు. ఇంకా నయం, అసలు పరిశోధననే పాఠ్యాంశంలో పెట్టేయొచ్చు. హోవర్డ్ హ్యూస్ మెడికల్ ఇన్‌స్టిట్యూట్ 2008లో మొదలుపెట్టిన కార్యక్రమంలో మొదటి ఏడాది విద్యార్థులు మట్టి తవ్వుకొచ్చి, అందులోంచి బ్యాక్టీరియాని తినే వైరస్‌లని వేరుచేసి, వాటికి తామే పేర్లు పెట్టి, జన్యుక్రమం దాకా వెళ్తారు. అదంతా టైమ్‌టేబుల్లో ఉన్న కోర్సే. దానికి దరఖాస్తు లేదు, ఇంటర్వ్యూ లేదు, సాయంత్రం పని మానుకోవాల్సిన అవసరమూ లేదు. న్యాయం గురించి నేను ఇంత మాట్లాడుతున్నప్పుడు దీన్ని ఎలా కాదనగలను?

కాదనను. యూనివర్సిటీ రెండిట్లో ఒకటే చెయ్యగలనంటే బహుశా నేనూ కోర్సుకే ఓటేస్తాను. కానీ కోర్సులో ప్రశ్న ముందే సిద్ధంగా ఉంటుంది, పద్ధతి కూడా. తప్పు జరిగితే పక్క బ్యాచ్ డేటా ఉంటుంది. ఏడు వారాల పని చెల్లదని తెలిసిన మధ్యాహ్నం ఒంటరిగా కూర్చుని, ఇప్పుడేం చెయ్యాలని తేల్చుకునే సందర్భం అందులో రావడం కష్టం. రెండూ వేరు వేరు పనులు. కోర్సు పెట్టాం కాబట్టి స్టైపెండ్ అక్కర్లేదనుకుంటే, ఆ రెండో అనుభవం ఇంట్లో డబ్బున్న పిల్లలకే మిగులుతుంది.

రెండోది: ఇలాంటి ప్రాజెక్టులు చేసినవాళ్ళు బాగా రాణిస్తున్నారంటే, బాగా రాణించేవాళ్ళనే ముందు ఏరుకున్నారేమో? ఈ అనుమానం నాకు చాలా ఏళ్ళు ఉండేది. యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌లో ఇలాంటి పథకం మీద 1998లో వచ్చిన అధ్యయనం దీన్ని కొంత తీర్చింది. దరఖాస్తు పెట్టుకుని చోటు దొరికినవాళ్ళని, పెట్టుకున్నా దొరకనివాళ్ళతో పోల్చి, చదువు మధ్యలో మానేసినవాళ్ళు ఎందులో ఎంతమందో చూశారు. అందరికీ ఒకేలా ఉపయోగపడలేదు. అన్నిటికంటే ఎక్కువ లాభం కనిపించింది ఆఫ్రికన్ అమెరికన్ విద్యార్థుల్లో, వాళ్ళలోనూ తక్కువ మార్కులున్నవాళ్ళలో. అంటే, మామూలుగా ఏ కమిటీ అయినా మార్కులు చూసి ముందుగా పక్కన పెట్టేసేవాళ్ళలో! మా ఫారంలో కనీస మార్కుల నిబంధన ఉంది. హోంవర్క్ పక్కన పడేసి జన్యు పటం గీసిన స్టర్టెవాంట్‌కి ఆ ఏడాది మార్కులెన్నొచ్చాయో ఎవరికి గుర్తుంది?

## గైడ్ లేకపోతే

మూడో అభ్యంతరం అన్నిటికంటే బలమైనది, అది నాలోంచే వచ్చింది. గైడ్ సరిగా లేకపోతే స్టైపెండ్ కేవలం కూలిడబ్బు అవుతుంది.

చాలా ఏళ్ళ కిందట ఒక అబ్బాయిని రెండు నెలలు డేటా ఎంట్రీలో కూర్చోబెట్టాను. బుద్ధిమంతుడు. టైముకి వచ్చేవాడు, ఒక్క తప్పు లేకుండా ఎక్కించేవాడు. నాకేమో వేరే గడువులు, టెన్షన్లు. ఆఖరి రోజు సంతకం కోసం వచ్చి, వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "మేడమ్, ఆ మూడో కాలమ్‌లో ఉన్నది ఏంటి?" అని అడిగాడు. రెండు నెలలు తను నింపిన కాలమ్ అది. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. స్టైపెండ్ అతనికి అందింది. అందాల్సిన మిగతాదేదీ అందలేదు.

కాబట్టి రెండో వాటా గైడ్ సమయానికి వెళ్ళాలి. దీన్ని చాలామంది అధ్యాపకుల స్వార్థం అనుకుంటారు. నేను గైడ్‌కి జీతం పెంచమనడం లేదు. ముగ్గురు విద్యార్థుల్ని శ్రద్ధగా చూసుకుంటే ఆ సెమిస్టర్‌లో ఒక క్లాసు తగ్గించండి. ప్రమోషన్ లెక్కల్లో పేపర్లతో పాటు దీనికీ ఒక చోటివ్వండి. ఒక్కో గైడ్‌కి ఇంతమందే అని పరిమితి పెట్టండి. తొమ్మిది మంది ఫారాల మీద ఒకే గైడ్ సంతకం నేను చూశాను. ఆ తొమ్మిది మందిలో ఇద్దరితో మాట్లాడితే, ఆయన్ని మొత్తం మీద రెండుసార్లు కలిశామని చెప్పారు.

## ముందు నువ్వు పెట్టు, తర్వాత మేమిస్తాం

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. చాలా చోట్ల ఈ నిధులు బిల్లుల మీద ఇస్తారు. విద్యార్థి ముందు తన చేతి నుంచి ఖర్చు పెట్టాలి, రసీదులు దాచాలి, గైడ్ సంతకం, విభాగం సంతకం పెట్టించాలి, ఆ తర్వాత నెలలకి డబ్బు ఖాతాలో పడుతుంది. చేతిలో డబ్బు లేదని దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళనే ముందు డబ్బు పెట్టమనడం ఏం పద్ధతి? స్టైపెండ్ కూడా అంతే, ప్రాజెక్టు ముగిశాక ఒకేసారి ఇస్తారు. వేసవిలో పని మానుకున్నవాళ్ళకి వేసవిలోనే డబ్బు కావాలి కదా. మొదటి వారంలోనే కొంత చేతికివ్వడానికి కొత్త నిధులేం అక్కర్లేదు, ఇచ్చే తేదీ మారిస్తే చాలు.

## ఖర్చే లేదు కదా, డబ్బెందుకు?

ఈసారి వచ్చిన ప్రపోజల్స్‌లో ఒకటి నాటకం. ఒక అబ్బాయి స్క్రిప్టు రాస్తానన్నాడు. బడ్జెట్ పట్టికలో అన్ని గడులూ ఖాళీ, స్టైపెండ్ గడిలో మాత్రం ఎనిమిది వారాలకి లెక్క వేశాడు. కమిటీ ముందుకు రాగానే ఒకరన్నారు: "కాగితం, కలం తప్ప ఖర్చేముంది? డబ్బెందుకు?" ప్రపోజల్ పక్కకి వెళ్ళిపోయింది. నేను రెండు మాటలు మాట్లాడాను, సరిపోలేదు.

సృజనాత్మక ప్రాజెక్టుల దగ్గర మన అలవాటు ఇలా బయటపడుతుంది. చేత్తో పట్టుకోగలిగిందే ఖర్చు. కెమెరా అద్దెకు తీసుకునే డాక్యుమెంటరీకి డబ్బు వస్తుంది, ఎనిమిది వారాలు కూర్చుని రాయాల్సిన నాటకానికి రాదు. ఏం వస్తుందో ముందే చెప్పమని కూడా అడుగుతాం. 1981లో మాయా లిన్ అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో డిగ్రీ ఆఖరి ఏడాది విద్యార్థిని, వయసు 21. స్మారక నిర్మాణాల మీద ఒక క్లాసు కోసం మొదలైన డిజైన్‌ని వియత్నాం యుద్ధ స్మారకం పోటీకి పంపింది. పేర్లు కనపడకుండా పరిశీలించిన 1,421 ఎంట్రీల్లో అదే గెలిచింది. క్లాసులో దానికొచ్చిన గ్రేడు బి. నేల కోసి నల్లరాతి గోడ నిలబెట్టి పేర్లు చెక్కుతాం, ఇంకేం ఉండదు అని మా ఫారంలో రాసుంటే మేం ఎంపిక చేసేవాళ్ళమా? కమిటీలో కూర్చున్న మనిషిగా చెబుతున్నాను, నాకు నమ్మకం లేదు. ఏది గొప్పగా వస్తుందో మేం ముందే పసిగట్టలేం. చెయ్యాలనుకున్నవాళ్ళకి కొన్ని వారాలు ఇవ్వగలం, అంతే.

కమిటీ పని ముగిశాక వచ్చే ఏడాది ఫారం మార్చమని ఒక కాగితం రాసిచ్చాను. స్టైపెండ్ గడి పట్టికలో మొదటి వరసకి రావాలి. అందులో అంకె ముందే అచ్చు వేసి ఉండాలి, అందరికీ ఒకటే, ఎవరూ అడగనక్కర్లేకుండా. ఇంకా జవాబు రాలేదు.

గడి అలికేసిన అమ్మాయి ప్రాజెక్టు సెలెక్ట్ అయింది, మార్జిన్‌లో తను వేసిన ఆ సున్నాతోనే. కబురు చెప్పడానికి పిలిచి, వేసవిలో వారానికి ఎన్ని రోజులు ల్యాబ్‌కి రాగలవని అడిగాను. వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది.

"మంగళవారం, గురువారం వస్తాను మేడమ్. మధ్యాహ్నం దాకా."